ఆడపందికి హార్మోన్ ఇంజెక్షన్ ఎప్పుడు పనిచేస్తుంది?

పిల్లలు పాలు తాగుతున్నంత కాలం తల్లిపంది సాధారణంగా ఎదకు రాదు. పిల్లలు చన్నులు చీకుతుంటే ఆ స్పర్శ నరాల మీదుగా మెదడుకు చేరి, అక్కడ హైపోథలామస్‌లో తయారయ్యే జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను అణచిపెడుతుంది. అది తగ్గితే పిట్యూటరీ గ్రంథి నుంచి, అండం విడుదలకు కారణమయ్యే ఎల్‌హెచ్ అనే హార్మోన్ సరిగా రాదు. అండాశయంలో అండాలు పెరిగే చిన్న సంచులు, అంటే ఫాలికిల్స్, పెరగకుండా అలాగే ఉండిపోతాయి. మూడు నాలుగు వారాల వయసులో పిల్లల్ని వేరు చేయగానే ఈ అడ్డు తొలగిపోతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల ఫాలికిల్స్ ఏడెనిమిది మిల్లీమీటర్ల దాకా పెరుగుతాయి. చాలా పందులు 4 నుంచి 7 రోజుల్లో ఎదకు వస్తాయి.

అంటే పందుల్ని ఒకేసారి ఎదకు తేవడానికి అన్నింటికంటే బలమైన పద్ధతి ఏ సీసాలోనూ లేదు. ఒక గుంపు తల్లుల దగ్గర్నుంచి పిల్లల్ని ఒకే రోజున వేరు చేస్తే చాలు, చాలావరకు పని అయిపోతుంది. మందులు ఆ తర్వాతి సంగతి. శరీరం స్వయంగా పంపే సంకేతాల్లో ఏదో ఒకదాన్ని అనుకరించడమే అవి చేసే పని. ఆ సంకేతాన్ని అందుకోవడానికి శరీరం సిద్ధంగా ఉంటేనే ఫలితం కనిపిస్తుంది.

మొదటి ఈతలో పాలిచ్చి బాగా చిక్కిపోయిన పంది, వేసవి వేడికి మేత తగ్గించేసిన పంది పిల్లల్ని వేరు చేశాక కూడా ఆలస్యం చేస్తాయి. ఇలాంటి వాటికి ఎక్కువగా వాడేది రెండు హార్మోన్లు కలిపిన ఇంజెక్షన్. ఒక డోసులో 400 యూనిట్ల ఈసీజీ, 200 యూనిట్ల హెచ్‌సీజీ ఉంటాయి. ఈసీజీ చూడి గుర్రం రక్తం నుంచి వస్తుంది, పందిలో ప్రధానంగా ఫాలికిల్స్‌ని పెంచుతుంది. హెచ్‌సీజీ మనుషుల్లో గర్భిణుల మూత్రంలో దొరికే హార్మోన్, ఎల్‌హెచ్‌లా పనిచేస్తుంది. పిల్లల్ని వేరు చేసిన రోజునే తల్లులకు ఇస్తారు. వయసొచ్చినా ఇంకా ఎదకు రాని లేత పందులకూ ఇస్తారు.

ఈ లేత పందుల దగ్గరే పొరపాట్లు ఎక్కువ. పంది ఎదకు రాకపోవడం వేరు, వచ్చినా మనిషి గమనించకపోవడం వేరు. ఇప్పటికే ఎద చక్రం మొదలైన పందికి ఈ ఇంజెక్షన్ ఇస్తే మేలు జరగదు. అండం విడుదలైన చోట ఏర్పడే కార్పస్ లూటియం అప్పటికే ఎదను ఆపి గర్భాన్ని నిలబెట్టే ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తూ ఉంటుంది, అందువల్ల ఎద లక్షణాలు బయటపడవు. పైగా అండాశయంలో సిస్టులు, అంటే నీటి తిత్తులు, ఏర్పడే ప్రమాదమూ ఉంది. నన్నడిగితే సిరంజి పట్టుకోకముందే మగపందిని పట్టుకురావాలి. ఎదిగిన మగపంది లాలాజలంలో ఆండ్రోస్టెనోన్ లాంటి వాసన పదార్థాలు ఉంటాయి. ఐదారు నెలల వయసు నుంచి ఆడపందిని రోజూ 10, 15 నిమిషాలు మగపందితో ముక్కూ ముక్కూ తాకేలా ఉంచితే చాలావాటికి ఎద త్వరగా మొదలవుతుంది. అదే సమయంలో నడుము మీద చేత్తో నొక్కి చూడాలి. ఎదలో ఉన్నది కదలకుండా నిలబడిపోతుంది. ఈ పరీక్ష రోజూ శ్రద్ధగా చేసి రాసుకునే ఫారంలో సగం అనుమానాలు మందు అవసరం లేకుండానే తీరతాయి.

ఎద చక్రం నడుస్తున్న పందుల్ని ఒకే బ్యాచ్‌లోకి తేవాలంటే ఆల్ట్రెనోజెస్ట్ వాడతారు. ఇది ప్రొజెస్టెరాన్‌ని పోలిన మందు, మేతలో కలిపి 14 నుంచి 18 రోజులు ఇస్తారు. గేటు మూసి అందర్నీ ఒకచోట ఆపి, తర్వాత ఒక్కసారిగా తెరిచినట్టు ఉంటుంది దీని పని. మందు ఆపిన తర్వాత నాలుగు నుంచి తొమ్మిది రోజుల్లో చాలా పందులు ఎదకు వస్తాయి. కానీ డోసు తగ్గకూడదు. ఒక పంది మేతను పక్కది తినేసినా, మందు తక్కువ పడినా ఫాలికిల్స్ అండాన్ని విడుదల చేయకుండా సిస్టులుగా మారే ప్రమాదం ఉంది. ఇది చర్మం గుండా మనిషి ఒంట్లోకీ పోతుంది. గర్భిణులు, పిల్లల్ని కనే వయసులో ఉన్న స్త్రీలు దీన్ని ముట్టకపోవడమే మంచిది. ముట్టేవాళ్లకు గ్లవ్స్ తప్పనిసరి.

ఆవుల్లో లాగా కార్పస్ లూటియంను కరిగించే ప్రోస్టాగ్లాండిన్ ఇచ్చి ఎదకు తేవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. పందిలో అది కుదరదు. ఎద చక్రం 21 రోజులైతే, సుమారు మొదటి 12 రోజులు దాని కార్పస్ లూటియం ప్రోస్టాగ్లాండిన్‌కు లొంగదు. అసలు పంది గర్భం నిలబడేదే ఈ హార్మోన్‌ను తప్పించుకోవడం వల్ల. 11, 12 రోజుల వయసు పిండాలు ఈస్ట్రోజెన్ విడుదల చేస్తాయి. దాంతో గర్భసంచిలో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్ రక్తంలోకి పోకుండా గర్భసంచి లోపలికే మళ్లుతుంది, కార్పస్ లూటియం బతికిపోతుంది. ఈ సంకేతం బలంగా ఉండాలంటే కనీసం నాలుగు పిండాలు ఉండాలంటారు. అవి లేకపోతే తల్లికి గర్భం సంగతే తెలియదు, మళ్లీ ఎదకు వచ్చేస్తుంది. ఇంత చిన్న పిండాలు తల్లి శరీరంతో మాట్లాడే ఈ పద్ధతి నాకు ఎన్నిసార్లు చదివినా అబ్బురంగానే ఉంటుంది.

పందిలో ఈనే వరకూ గర్భం కార్పస్ లూటియం మీదే ఆధారపడుతుంది. అందుకే ఈనడానికి ముందు ప్రోస్టాగ్లాండిన్ ఇస్తే చాలా పందులు ఒకటి ఒకటిన్నర రోజుల్లో ఈనుతాయి. పగటిపూట, మనుషులు దగ్గరుండగా ఈనితే చలికి బిగుసుకునే పిల్లల్ని, తల్లి కింద నలిగిపోయే వాటిని కాపాడుకోవచ్చు. లాభం నిజమే. కానీ చూలు కాలం సగటున 114, 115 రోజులు. ఆఖరి రోజుల్లో ఊపిరితిత్తులు, శక్తి నిల్వలు పూర్తి కావాల్సిన పిల్లల్ని మరీ ముందే బయటికి తెస్తే బలహీనంగా పుడతాయి, చనిపోయేవి పెరుగుతాయి. వీర్యం వేసిన తేదీ కచ్చితంగా రాసిలేని ఫారంలో ఈ ఇంజెక్షన్‌కు చోటే ఉండకూడదు. గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు దీన్ని కూడా తాకకూడదు.

ఈనేటప్పుడు గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ గురించి ఒకే మాట: ఈత ఆలస్యమైతే తొందరపడి ఎక్కువ డోసు ఇచ్చేవాళ్లు మేలు కంటే కీడే చేస్తున్నారు. గర్భసంచి అతిగా బిగుసుకుంటే బొడ్డుతాడు నలిగి లోపలి పిల్లలకు ఆక్సిజన్ అందదు, చచ్చి పుట్టేవి పెరుగుతాయి. దారికి అడ్డంగా పిల్ల ఇరుక్కుందేమో ముందు చూడాలి.

ఇక అండం విడుదలయ్యే సమయాన్ని నిర్ణయించే మందులు. పంది ఎద రెండు మూడు రోజులుంటుంది, అండాలు అందులో మూడింట రెండొంతుల సమయం గడిచాక విడుదలవుతాయి. వీర్యకణాలు గర్భసంచిలో ఒక రోజు మాత్రమే సమర్థంగా ఉంటాయి కాబట్టి రెండు మూడుసార్లు వీర్యం వేస్తారు. పిల్లల్ని వేరు చేసిన 96 గంటలకు యోనిలో ట్రిప్టోరెలిన్ జెల్ వేస్తే, ఆ మర్నాడు ఒక్కసారి వీర్యం వేసినా సరిపోతుంది. అమెరికాలో దీనికి 2012లో అనుమతి వచ్చింది. ఇది జీఎన్‌ఆర్‌హెచ్‌ను పోలిన మందు. ఆ జీఎన్‌ఆర్‌హెచ్ నిర్మాణాన్ని తొలిసారి కనుక్కున్నదే పందుల మెదళ్ల నుంచి: 1971లో ఆండ్రూ షాలీ బృందం లక్షకు పైగా పందుల హైపోథలామస్‌ల నుంచి దాన్ని వేరు చేసి, పది అమైనో ఆమ్లాల గొలుసుగా గుర్తించింది. 1977లో షాలీకి నోబెల్ వచ్చింది. ఈ పని పందుల పెంపకానికే కాదు, మనుషుల సంతానలేమి చికిత్సకూ పునాది.

ఈసీజీ విషయంలో మాత్రం వివాదం పెరుగుతోంది. దాన్ని చూడి గుర్రాల నుంచి మళ్లీ మళ్లీ రక్తం తీసి తయారు చేస్తారు. గుర్రాల బాధను చూసి యూరోపియన్ పార్లమెంట్ 2021లో దీని ఉత్పత్తి, దిగుమతి ఆపాలని కోరింది. నాకూ ఆ వాదన న్యాయమే అనిపిస్తుంది, ఎందుకంటే తల్లిపందిని పాలిచ్చే రోజుల్లో చిక్కిపోకుండా మేపి, మగపందిని సరైన వయసులో పరిచయం చేస్తే ఈ మందు అవసరం చాలావరకు తగ్గుతుంది. మిగిలిన కొద్ది సందర్భాల కోసం గుర్రం అవసరం లేకుండా ప్రయోగశాలలో తయారైన ఇలాంటి హార్మోన్ల మీద పరిశోధన సాగుతోంది.