ఘాట్ రోడ్డు అడిగేది సీసీ కాదు

హ్యుందాయ్ వెన్యూలో 1197 సీసీ పెట్రోలు ఇంజన్ ఉన్న కారు కంటే 998 సీసీ ఇంజన్ ఉన్న కారుకే ఎక్కువ ధర ఎందుకు పెట్టారని ఒక పాఠకుడు అడిగారు. వివరాల పట్టిక చూస్తే సందేహం ఇంకా బలపడుతుంది. పెద్ద ఇంజన్ గరిష్ఠ శక్తి 83 హార్స్‌పవర్ కాగా, చిన్న టర్బో ఇంజన్‌ది 120. అదే కారుకు పెట్టే 1493 సీసీ డీజిల్ ఇంజన్ కూడా 116 దగ్గరే ఆగిపోతుంది. సీసీ పెరిగితే బలం పెరుగుతుందని స్కూటర్ల కాలం నుంచి మనం వేసుకుంటున్న లెక్క ఇక్కడ కుదరదు.

సీసీ అన్నది సిలిండర్లలో పిస్టన్లు కదిలే చోటు కొలత మాత్రమే. పూర్వం పొలాల్లో ఎద్దులు లాగిన మోటను తలచుకుంటే ఈ లెక్క తేలికగా అందుతుంది. బొక్కెన ఎంత పెద్దదన్నది సీసీ, ఒక్కో విడతకు నిజంగా పైకి వచ్చిన నీరు టార్క్ (ఇంజన్ తిప్పే బలం), నిమిషానికి ఎన్ని విడతలు తోడామన్నది (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగిందన్నది) ఆర్‌పీఎం, నిమిషంలో మడికి చేరిన మొత్తం నీరు హార్స్‌పవర్. పెద్ద బొక్కెనతో నెమ్మదిగా తోడినా, చిన్న బొక్కెనతో వేగంగా తోడినా మడికి ఒకే మోతాదు నీరు చేరవచ్చు. సూత్రంగా చెప్పాలంటే, న్యూటన్ మీటర్లలో ఉన్న టార్క్‌ను ఆర్‌పీఎంతో హెచ్చించి 7023తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. మన పాఠ్యపుస్తకాలు పని, శక్తి, భ్రమణం అనే పాఠాలను వేర్వేరు అరల్లో దాచేస్తాయి కాబట్టి ఇంత చిన్న సూత్రం కూడా కారు కొనేవేళ గుర్తుకు రాదు.

అయితే నీటిని అదిమి నింపలేము, గాలిని అదిమి నింపగలము; మోట పోలిక పనికొచ్చేది ఇంతవరకే. నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి గాలి పీల్చుకుంటుంది కనుక, 1197 సీసీ ఇంజన్ 3000 ఆర్‌పీఎం వద్ద గాలి లోపలికి వెళ్లే తలుపును, అంటే థ్రాటిల్‌ను, పూర్తిగా తెరిస్తే నిమిషానికి సుమారు 1800 లీటర్ల గాలిని, అంటే రెండు కిలోలకు పైబడిన గాలిని తీసుకుంటుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 గ్రాముల గాలి కావాలి కాబట్టి, ఆ ఇంజన్ ఎంత ఆశపడినా నిమిషానికి 140 గ్రాములకు అటూ ఇటుగా మాత్రమే పెట్రోలు కాల్చగలదు. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లో పేటెంట్ పొందిన టర్బో ఆలోచన ఈ పరిమితినే దాటింది. వృథాగా బయటికి పోయే పొగతో ఒక చక్రాన్ని తిప్పి, దాని సాయంతో సిలిండర్లలోకి గాలిని అదిమి పంపితే, అదే చోటులో ఎక్కువ పెట్రోలు మండుతుంది. ఆ అదనపు సామగ్రికీ, ఆ ఒత్తిడిని తట్టుకునే భాగాలకీ అయ్యే ఖర్చే పాఠకుడు అడిగిన ధరలో తేడాకు ప్రధాన కారణం. చిన్న ఇంజన్ల మీద కంపెనీలకు ఇంత మక్కువ కలగడానికి పన్ను కూడా తోడైంది: 2025 సెప్టెంబరు 22 నుంచి, నాలుగు మీటర్ల పొడవుకూ, పెట్రోలైతే 1200 సీసీకీ, డీజిలైతే 1500 సీసీకీ మించని కార్లపై జీఎస్టీ 18 శాతం, ఆ హద్దులు దాటితే 40 శాతం.

అసలు చూడవలసిన అంకె శక్తి పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. 1197 సీసీ ఇంజన్ తన 114 న్యూటన్ మీటర్ల గరిష్ఠ టార్క్‌ను సుమారు 4000 ఆర్‌పీఎం దగ్గర ఇస్తే, టర్బో ఇంజన్ 172ను 1500 నుంచి 4000 దాకా ఒకే తీరుగా ఇస్తుంది. డీజిల్ 1500 నుంచి 2750 దాకా 250 ఇస్తుంది. నంబరు ప్లేటు అంకెలు కూడితే తొమ్మిది రావాలని వేలంపాటలో డబ్బు పోసేవారు కూడా, కారు నడకను నిజంగా నిర్ణయించే ఈ ఆర్‌పీఎం అంకెను చూడకుండానే పుట తిప్పేస్తారు.

తిరుమలకు ఎక్కే ఘాట్ రోడ్డు లాంటి చోట, పది మీటర్లకు ఒక మీటరు లేచే వాలు మీద, మనుషులతో, సామానుతో కలిపి 1500 కిలోలున్న కారు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళుతోందనుకుందాం. వాలును గెలవడానికి 1470 న్యూటన్లు, టైర్ల నిరోధానికి ఇంకో 180 న్యూటన్లు కావాలి. సెకనుకు పది మీటర్ల వేగంతో హెచ్చిస్తే 16.5 కిలోవాట్లు, అంటే 22 హార్స్‌పవర్ చాలు. మరి 83 హార్స్‌పవర్ ఉన్న కారు ఎందుకు ఆయాసపడుతుంది? మూడో గేరులో ఆ వేగం వద్ద ఇంజన్ సుమారు 1750 ఆర్‌పీఎంతో తిరుగుతోందని, అక్కడ దాని టార్క్ 90 అని అనుకుంటే, చేతికొచ్చేది 22 హార్స్‌పవరే. గేర్‌బాక్స్‌లో పోయేది పోగా కారు నీరసించి వేగం తగ్గుతుంది. టర్బో ఇంజన్ అదే చోట 43 ఇస్తుంది కనుక డ్రైవరు గేరు ముట్టుకోనక్కరలేదు. రెండో గేరు వేసి ఆర్‌పీఎంను 2650కి తెస్తే, టార్క్ 100 అనుకున్నా, మామూలు ఇంజన్‌కూ 38 హార్స్‌పవర్ చిక్కుతుంది. అంటే మొదటి కారులోనూ శక్తికి లోటు లేదు, దాన్ని సరైన ఆర్‌పీఎం దగ్గర అందుకోవడమే కావాలి.

ఆ అందుకునే పని గేర్‌బాక్స్‌ది. అందువల్ల ఇంజన్‌ను ఒకచోట, ఆటోమేటిక్ కావాలా వద్దా అన్నది ఇంకోచోట తేల్చుకోవడం నాకు సమంజసంగా తోచదు. మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో జనంలోకి వచ్చిన ఏఎంటీ అనే ఆటోమేటిక్ రకంలో ఉండేది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్‌నూ గేరునూ యంత్రం కదుపుతుంది. గేరు మారే క్షణంలో చక్రాలకు శక్తి ఆగిపోతుంది కనుక వాలు మీద లారీని దాటుతున్నప్పుడు ఆ విరామం గుబులు పుట్టిస్తుంది. డీసీటీ అనే ఇంకో రకంలో రెండు క్లచ్‌లు ఉండి తర్వాతి గేరు ముందే సిద్ధమవుతుంది కాబట్టి విరామం ఉండదు గానీ, పొడి క్లచ్‌లున్న రకం అంగుళం అంగుళం జరిగే ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది. టార్క్ కన్వర్టర్ ఉన్న రకం నూనె ప్రవాహంతో శక్తిని అందించి, కదిలే తొలి క్షణంలో టార్క్‌ను దాదాపు రెండింతలు చేస్తుంది. హోండా అమేజ్‌లో 1199 సీసీ టర్బో లేని ఇంజన్‌కు జోడించిన సీవీటీ రకంలో గేరు మెట్లే లేవు. ఇంజన్‌ను కావలసిన ఆర్‌పీఎం దగ్గర నిలిపి, కప్పీల వ్యాసాన్నే మారుస్తూ పోతుంది. కింది ఆర్‌పీఎంలో బలం తక్కువున్న ఇంజన్‌కు ఇది తగిన జోడీ, కానీ గట్టిగా తొక్కినప్పుడు వచ్చే ఏకధాటి హోరును కొందరు భరించలేరు.

కొండ దిగేటప్పుడు మాత్రం సీసీకి విలువ తిరిగొస్తుంది. యాక్సిలరేటర్ వదిలేస్తే టర్బో అదమడం మానేస్తుంది. మిగిలేది ఉత్త 998 సీసీ ఇంజనే. మూసిన థ్రాటిల్ వెనక గాలి కోసం పెనుగులాడుతూ ఇంజన్ కారును వెనక్కి పట్టే బలం చాలావరకు సిలిండర్ల పరిమాణాన్ని బట్టే ఉంటుంది. కాబట్టి ఆటోమేటిక్ కొనేవారు, గేరును రెండులో ఆపి ఉంచే మాన్యువల్ మోడ్ గానీ, సీవీటీ అయితే అదే పని చేసే ఎల్ స్థానం గానీ ఉందో లేదో టెస్ట్ డ్రైవ్‌లోనే చూసుకోవాలి. అది లేకుండా మామూలు డ్రైవ్ స్థానమైన డీలోనే దిగితే, వాలంతా బ్రేకులే మోయవలసి వస్తుంది.