లూప్ పక్కకు జరిగినంత మాత్రాన ఎక్స్చేంజ్ బయాస్ కాదు: మాంగనైట్ పొరలపై అపోహలు - వాస్తవాలు

హనుమకొండలోని మా ల్యాబ్‌కు చుట్టుపక్కల జిల్లాల పరిశోధక విద్యార్థులు గ్రాఫులు పట్టుకుని వస్తుంటారు. ఎక్కువ మంది చూపించేది ఒకే బొమ్మ: ఇరవై, ముప్పై ఆర్‌స్టెడ్లు (అయస్కాంత క్షేత్రం, అంటే ఫీల్డ్ కొలమానం; పదివేల ఆర్‌స్టెడ్లు ఒక టెస్లా) పక్కకు జరిగిన హిస్టరిసిస్ లూప్, అంటే ఫీల్డ్‌ను అటూ ఇటూ మార్చుతూ శాంపిల్ అయస్కాంతత్వాన్ని గీసిన వలయం. పైన ‘ఎక్స్చేంజ్ బయాస్’ అన్న శీర్షిక. కొందరు పేపర్ కూడా రాసేసి ఉంటారు. ఆ పేపర్ తిరిగొచ్చాక వాళ్ల ముఖాలు చూడలేకే ఇది రాస్తున్నాను.

అపోహ: లూప్ జరిగితే అది ఎక్స్చేంజ్ బయాసే.

వాస్తవం: కాదు. 1956లో మైకిల్‌జాన్, బీన్ అనే శాస్త్రవేత్తలు కోబాల్ట్ ఆక్సైడ్ పొర కప్పిన కోబాల్ట్ రేణువుల్లో ఈ ప్రభావాన్ని మొదట గుర్తించారు. ఫీల్డ్‌లో చల్లబరిచినప్పుడు సరిహద్దులోని యాంటీఫెర్రో పదార్థపు స్పిన్‌లు (పరమాణువుల సూక్ష్మ అయస్కాంతాలు; యాంటీఫెర్రోలో పక్కపక్కవి ఎదురెదురుగా, ఫెర్రోలో ఒకే దిశలో ఉంటాయి) ఒక దిశలో బిగుసుకుపోయి, పక్కనున్న ఫెర్రో పొరను అటే లాగుతాయి. లూప్ జరగడం దాని ఫలితం. అదే ఫలితం వేరే కారణాలతోనూ వస్తుంది.

మనం పెంచే ఎల్‌ఎస్‌ఎంఓ (లాంథనం స్ట్రాన్షియం మాంగనైట్ అనే ఫెర్రో మాంగనీస్ ఆక్సైడ్) పొరల కోయర్సివిటీయే, అంటే అయస్కాంతత్వాన్ని తిప్పడానికి కావలసిన ఫీల్డే, పదుల ఆర్‌స్టెడ్లు. అతి చిన్న అయస్కాంతత్వాన్ని కొలిచే స్క్విడ్ మాగ్నెటోమీటర్‌లోని సూపర్‌కండక్టింగ్ అయస్కాంతాన్ని 5 టెస్లాల దాకా పెంచి దించితే దాని తీగచుట్టలో కొంత ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) చిక్కుకుపోతుంది. తెరపై సున్నా ఉన్నా శాంపిల్ దగ్గర పదుల ఆర్‌స్టెడ్ల ఫీల్డ్ మిగులుతుంది, అదీ వ్యతిరేక దిశలో. వెంటనే ప్లస్, మైనస్ 500 ఆర్‌స్టెడ్ల మధ్య లూప్ తీస్తే మొత్తం లూప్ పక్కకు జరిగి కనిపిస్తుంది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తా ఎత్తే ముందు రైతు కాంటా సున్నా చూపుతోందా లేదా అని చూసుకుంటాడు. మనం కూడా అంతే చూడాలి.

‘కూలింగ్ ఫీల్డ్ (చల్లబరిచేటప్పుడు పెట్టే ఫీల్డ్) దిశ మార్చి కూడా చూశాం, షిఫ్ట్ కూడా తిరగబడింది’ అంటారు విద్యార్థులు. 5 టెస్లాలలో చల్లబరిస్తే చిక్కుకున్న ఫ్లక్స్ దిశ కూడా తిరగబడుతుంది. కాబట్టి ఆ పరీక్ష ఇక్కడ చాలదు. పైగా మామూలు బయాస్‌లో లూప్ కూలింగ్ ఫీల్డ్‌కు ఎదురు వైపు జరుగుతుంది; ఈ తప్పుడు షిఫ్ట్ కూలింగ్ ఫీల్డ్ వైపే వస్తుంది కనుక దానికి ‘పాజిటివ్ ఎక్స్చేంజ్ బయాస్’ అని పేరు పెట్టి సంబరపడతారు. నిజమైన పాజిటివ్ బయాస్ ఎల్‌ఎస్‌ఎంఓ, స్ట్రాన్షియం రుథనేట్ (మరో ఫెర్రో ఆక్సైడ్) జంటలో ఉంది. కానీ దాన్ని నిరూపించాలి.

ఎలా? అదే ఫీల్డ్ చరిత్రతో (అదే వరుసలో ఫీల్డ్ పెంచి, దించి) బ్లాకింగ్ ఉష్ణోగ్రతకు (బయాస్ మాయమయ్యే ఉష్ణోగ్రత) బాగా పైన, క్యూరీ ఉష్ణోగ్రతకు (ఫెర్రో అయస్కాంతత్వం పోయే ఉష్ణోగ్రత) కింద, ఎల్‌ఎస్‌ఎంఓకు 200 కెల్విన్ దగ్గర అనుకోండి, మరో లూప్ తీయండి. అసలు బయాస్ అక్కడ మాయమవుతుంది, చిక్కుకున్న ఫ్లక్స్ షిఫ్ట్ అలాగే ఉంటుంది. అయస్కాంత స్పందన ముందే తెలిసిన పల్లాడియం శాంపిల్‌తో అసలు ఫీల్డ్ ఎంతో కూడా తేల్చుకోవచ్చు. ఇక లూప్ రెండు శాఖలూ గరిష్ఠ ఫీల్డ్‌కు ముందే కలిసిపోతున్నాయా? కలవకపోతే మీ దగ్గరున్నది మైనర్ లూప్, అంటే అయస్కాంతత్వం పూర్తిగా తిరగకముందే ఆగిపోయిన లూప్. అదీ పక్కకు జరుగుతుంది, కూలింగ్ ఫీల్డ్‌తో పాటు తిరగబడుతుంది కూడా. గరిష్ఠ ఫీల్డ్ పెంచి చూడండి.

కిందటి వేసవిలో ఒక అమ్మాయి రాత్రి పూట ఫోన్ చేసింది. కొలతల కోసం కాజీపేటలో రైలెక్కి ఇందోర్ వెళ్లి వచ్చింది. మళ్లీ అవకాశం రావడానికి నెలలు పడుతుంది. “సార్, రెండో లూప్‌లో షిఫ్ట్ తగ్గిపోయింది, శాంపిల్ పాడైపోయిందా?” అంది, ఏడుపు గొంతుతో. “లేదమ్మా, అది ట్రైనింగ్ ఎఫెక్ట్. మొదటి లూప్ నుంచి రెండో లూప్‌కు ఎక్కువ తగ్గుతుంది, తర్వాత నిలకడ పడుతుంది. నీ షిఫ్ట్ నిజమైనదే అనడానికి అదీ ఒక ఆధారం” అన్నాను. శాంపిల్ పారేయమని ఆమెకు ఎవరో సలహా ఇచ్చారట. తెలియనివాళ్లు ఇలా భయపెట్టడం నాకు అసలు నచ్చదు.

అపోహ: విడిగా యాంటీఫెర్రో పొర లేకుంటే బయాస్ రాదు.

వాస్తవం: వస్తుంది. లాంథనం నికెలేట్‌లో మామూలుగా అయస్కాంత క్రమమే లేదు, అయినా లాంథనం మాంగనైట్‌తో కలిపి పేర్చిన పొరల్లో 2012లో బయాస్ చూపించారు. సరిహద్దులో ఎలక్ట్రాన్లు అటూ ఇటూ మారితే కొత్త అయస్కాంత స్థితి పుడుతుంది.

అపోహ: ఫెర్రో పొర మందం పెంచితే బయాస్ పెరుగుతుంది.

వాస్తవం: తగ్గుతుంది, సుమారుగా మందానికి విలోమంగా.

అపోహ: మాంగనైట్ బయాస్ రేపే హార్డ్ డిస్కుల్లోకి వస్తుంది.

వాస్తవం: బిస్మత్ ఫెర్రైట్ (యాంటీఫెర్రో పదార్థం), ఎల్‌ఎస్‌ఎంఓ జంటలో సైతం అది 100 కెల్విన్ దగ్గరికే కరిగిపోతుంది. గది ఉష్ణోగ్రత 300 కెల్విన్.

మరో మాట, శాంపిల్‌ను ఇనుప పట్టకారుతో పట్టుకోకండి. అంచున అంటిన ఇనుప రేణువుల సిగ్నల్ కొన్ని నానోమీటర్ల పొర ఇచ్చే సిగ్నల్‌ను మింగేయగలదు. ప్లాస్టిక్ పట్టకారు వాడండి.