ఆపరేషన్ గదికి ముందూ వెనకా

చిరంజీవులకు ఆశీస్సులు.

మెదడులో కణితి వచ్చిన పిల్లలకు కొన్ని దేశాల్లో నయమవుతుంటే, మరికొన్ని దేశాల్లో ఎందుకు కావడం లేదని మీరడిగారు. జబ్బు అన్నిచోట్లా ఒకటే. తేడా అంతా ఆపరేషన్ గదికి ముందు జరిగేదానిలోనూ తరువాత జరిగేదానిలోనూ ఉంది.

మెడుల్లోబ్లాస్టోమా అనే కణితి ఎక్కువగా పిల్లల్లోనే, తల వెనక ఉండే చిన్నమెదడులో పుడుతుంది. మెదడులోని ద్రవం బయటికి పోయే ఇరుకు దారి ఆ పక్కనే ఉండటం వల్ల, కణితి పెరిగి దానిని మూసివేస్తే ద్రవం లోపలే నిలిచి ఒత్తిడి పెరుగుతుంది. పొద్దున లేవగానే తలనొప్పి, వాంతులు, నడకలో తూలడం మొదలవుతాయి. వాంతులు చూసి కడుపు జబ్బనుకోవడం ధనిక దేశాల్లోనూ జరుగుతుంది. ఈ లక్షణాలను తల్లిదండ్రులకూ వైద్యులకూ తెలియజెప్పడానికే బ్రిటన్‌లో 2011లో హెడ్‌స్మార్ట్ అనే ప్రచారం మొదలుపెట్టారు. కాకపోతే అక్కడ అనుమానం వచ్చాక స్కానింగు కోసం ఇల్లూ పొలమూ తాకట్టు పెట్టనక్కర్లేదు.

కణితి వ్యాపించకముందే పూర్తిగా తీసి, ఆపై రేడియేషన్, కీమోథెరపీ సకాలంలో ఇవ్వగలిగితే నూటికి 80 మంది దాకా పిల్లలు అయిదేళ్లు దాటి జీవిస్తున్నారు. ఆ మూడింటిలో ఒక్కటి తప్పినా ఈ లెక్క నిలవదు. 2016లో ఉగాండాలో ఉన్న ఒకే ఒక్క రేడియేషన్ యంత్రం బాగుచేయడానికి వీల్లేకుండా చెడిపోయింది. కొత్తది వచ్చి పని మొదలయ్యేసరికి ఏడాదిన్నర దాటింది. ఆ మధ్యకాలంలో సర్జన్ ఎంత నేర్పుగా కణితి తీసినా, తరువాతి చికిత్సకు సరిహద్దు దాటవలసిందే.

అదే ఉగాండాలో ఎంబాలె పట్టణపు పిల్లల ఆసుపత్రి మరో దారి చూపించింది. మెదడులో నీరు చేరిన పిల్లలకు సాధారణంగా షంట్ అనే సన్నని గొట్టం అమర్చి, ఆ నీరు కడుపులోకి పోయేలా చేస్తారు. అది ఎప్పుడైనా మూసుకుపోవచ్చు; అలా జరిగితే వెంటనే మళ్లీ ఆపరేషన్ చేయాలి. ఊరికి బస్సే సరిగా లేని కుటుంబానికి అది ప్రాణాపాయం. అందుకని బెంజమిన్ వార్ఫ్ అనే అమెరికన్ సర్జన్ అక్కడ ఎండోస్కోపుతో మెదడు లోపలే ద్రవానికి కొత్త దారి తెరిచే పద్ధతిని పసిపిల్లలకు అనువుగా తీర్చిదిద్దారు. పేదవాళ్ల ఇబ్బందిని చూసి రూపొందిన ఆ పద్ధతిని తరువాత అమెరికాలోనూ వాడుతున్నారు. నాకెంతో నచ్చిన సంగతి ఇది.

విదేశీ సర్జన్లు వారం రోజులు వచ్చి ఆపరేషన్లు చేసి వెళితే సరిపోతుందనే మాటను మాత్రం నేను నమ్మను. ఆ రాత్రి పిల్లవాడు మగతలోకి జారుతున్నాడని గుర్తుపట్టే నర్సు, తీసిన ముక్కను చూసి అది ఏ కణితో చెప్పగల పాథాలజిస్టు ఆ ఊళ్లోనే ఉండాలి. మన దేశంలోనూ 1949లో వెల్లూరులో జేకబ్ చాండీ న్యూరోసర్జరీ విభాగాన్ని ప్రారంభించి, అక్కడే శిష్యులను తయారుచేశాక గానీ ఈ వైద్యం వేళ్లూనుకోలేదు.

క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో నూటికి కనీసం 60 మంది 2030 నాటికి బతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. అందుకు ప్రధానంగా ఎంచుకున్న ఆరు జబ్బుల్లో నెమ్మదిగా పెరిగే గ్లయోమా అనే మెదడు కణితి ఒకటి. దానిని పూర్తిగా తీయగలిగితే చాలాసార్లు రేడియేషన్ అవసరమే ఉండదు. శిక్షణ పొందిన సర్జన్, మత్తు వైద్యుడు, మంచి నర్సులు ఉంటే ఆ పిల్లలు బడికి తిరిగి వెళ్లగలరు; ఇప్పుడు చాలా దేశాల్లో కొరతగా ఉన్నది సరిగ్గా వాళ్లే.

ఆశీస్సులతో,
మీ తాతయ్య