నూటికి ఎంతమంది?

విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఎదురు మందుల షాపుల్లో అతి చౌకగా దొరికే మాత్రల్లో ఆస్పిరిన్ ఒకటి. గుండెపోటు వచ్చిన వెంటనే అది ఇస్తే మేలని గట్టిగా తేల్చింది 1988లో వెలువడిన ఐసిస్-2 పరిశోధన. గుండెపోటుగా అనుమానించిన 24 గంటల్లోపు 17,187 మందిని లాటరీ పద్ధతిలో రెండుగా విడదీశారు. కొందరికి నెలపాటు రోజూ 160 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, మిగతావారికి డమ్మీ మాత్ర. అయిదు వారాల్లో గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవారు డమ్మీ వైపు 8,600లో 1,016 మంది, ఆస్పిరిన్ వైపు 8,587లో 804 మంది.

దీన్ని 'మరణాలు అయిదో వంతు తగ్గాయి' అనొచ్చు. నూటికి 11.8 నుంచి 9.4కు తగ్గాయనీ అనొచ్చు. రెండూ నిజమే. కానీ రోగికి పనికొచ్చేది రెండోది: నూటికి 2.4 మరణాలు తగ్గాయి, అంటే సుమారు 42 మందికి ఇస్తే ఒక ప్రాణం నిలిచింది.

ఈ తేడా కాకతాళీయం కావచ్చా? మామూలు కాలిక్యులేటర్ చాలు. ఒక్కో వైపు పోయినవారి వాటాను బతికినవారి వాటాతో హెచ్చించి, ఆ వైపు మంది సంఖ్యతో భాగించాలి: 0.118 × 0.882 ÷ 8600, 0.094 × 0.906 ÷ 8587. ఈ రెండింటినీ కలిపి వర్గమూలం తీస్తే 0.0047. దాన్ని 1.96తో (95 శాతం నమ్మకానికి వాడే అంకె) హెచ్చిస్తే నూటికి 0.9. 2.4కు అటూ ఇటూ అంత, కాబట్టి అసలు మేలు నూటికి 1.5 నుంచి 3.3 మధ్య ఉండొచ్చు. సున్నా దరిదాపుల్లో కూడా లేదు.

ఇదే పరిశోధన వైపుకు 85 మందితో జరిగి, 10 మంది, 8 మంది పోయారనుకోండి. శాతాలు అవే. కానీ లెక్క కడితే నూటికి 7 మరణాలు పెరగడం నుంచి 12 తగ్గడం దాకా ఏదైనా కావచ్చని వస్తుంది. అలాంటి ఫలితం చూసి 'మందు పనిచేయదు' అని రాసేస్తారు. అది పెద్ద తప్పు. తేలలేదు, అంతే. దీనికి తిరగేసిన పొరపాటూ ఉంది: వైపుకు పదేసి వేలమంది ఉంటే బీపీలో 1 మి.మీ. తేడా కూడా 'గణనీయం' (కాకతాళీయమని కొట్టిపారేయలేనిది) అయిపోతుంది, రోగికి ఒరిగేది స్వల్పమే అయినా.

పి-విలువ చెప్పేది ఇంతే: మందుకు ఏ ప్రభావమూ లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంతకంటే ఎక్కువ, కనబడే అవకాశం ఎంత అని. పి-విలువ 0.05 అంటే మందు పనికిరానిదయ్యే అవకాశం 5 శాతమని అర్థం కాదు. పి-విలువ 0.05 కంటే తక్కువైతే 'గణనీయం' అనే గీతను 1925లో వాడుకలోకి తెచ్చిన గణాంక శాస్త్రవేత్త ఫిషర్ కూడా దాన్ని వీలైన హద్దుగానే చూశాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ప్రసిద్ధ గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు తర్వాత కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసింది ఆయన దగ్గరే.

ఆ గీతను ఎన్నిసార్లు వాడారన్నది మరో ముఖ్య సంగతి. ప్రభావం లేని 20 పోలికలు విడివిడిగా చేస్తే, కనీసం ఒకటి గీత దాటే అవకాశం 64 శాతం. దీన్ని చూపడానికే ఐసిస్-2 బృందం రోగులను రాశుల వారీగా విడదీసింది (పుట్టిన తేదీని బట్టి చెప్పే పాశ్చాత్య రాశులు, మన జన్మరాశులు కావు). మిథున, తులా రాశులవారికి ఆస్పిరిన్ మేలు చేయలేదని వచ్చింది! 'మొత్తం మీద ఫలితం లేదు, యాభై దాటిన మహిళల్లో మాత్రం అద్భుతం' అనే వార్త కంటబడితే ఈ రెండు రాశులూ గుర్తు రావాలి.

అనుమానం తీర్చుకునే దారి ఉంది. మన దేశంలో క్లినికల్ ట్రయల్స్‌ను (మనుషులపై చేసే మందుల పరీక్షలను) సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 జూన్ నుంచి తప్పనిసరి. పరిశోధన వ్యాసంలో ఇచ్చిన నమోదు నంబరుతో అక్కడ వెతికి, మొదట ఏ ఫలితాన్ని కొలుస్తామన్నారో, ఎంతమందితో అన్నారో, మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదు చేశారో లేదో చూడండి. అక్కడ మరణాలని రాసి, వ్యాసంలో రక్తపరీక్ష ఫలితాన్ని ముందుకు తెచ్చి ఉంటే, ఆ పి-విలువ ఎంత చిన్నదైనా ఒప్పుకోనక్కరలేదు.