గుర్తింపు లేని సంఘం చెల్లదా? కార్మికుల్లో అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో కార్మికుల కేసులు చూసే న్యాయవాదిగా నేను పదే పదే వినే మాట ఒకటుంది: "మా సంఘానికి కంపెనీ గుర్తింపు లేదండి, అందుకని అది చెల్లదట." నెల్లిమర్ల జూట్ కార్మికుల నుంచి పైడిభీమవరం ఫార్మా పరిశ్రమల కాంట్రాక్టు పనివారి దాకా ఈ మాట నమ్మి సభ్యత్వం వదులుకున్నవారు ఉన్నారు.

ఇది పూర్తిగా తప్పు. సంఘానికి చట్టబద్ధత ఇచ్చేది రిజిస్ట్రేషన్; అది చేసేది ప్రభుత్వ రిజిస్ట్రారు. దానికి యాజమాన్యం అంగీకారం అక్కరలేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కేంద్ర చట్టం, పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం కూడా కనీసం ఏడుగురు కలిసి రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయవచ్చు. సభ్యులు మాత్రం మొత్తం కార్మికుల్లో 10 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అంతమంది ఉండాలి. గుర్తింపు అనేది యాజమాన్యంతో బేరసారాలకు ఎవరు కూర్చోవాలన్న ప్రశ్న మాత్రమే. ఒకటికి మించి సంఘాలున్నచోట, ఒకే సంఘం బేరసారాలకు కూర్చోవాలంటే కోడ్ 51 శాతం మద్దతు కోరుతోంది. కోడ్ రాకముందు ఈ విషయంలో మహారాష్ట్ర 1971లో, కేరళ 2010లో సొంత చట్టాలు చేసుకోగా, మన దగ్గర చట్టబలం లేని 1958 నాటి క్రమశిక్షణ నియమావళే ఆధారమైంది. ఇంత గందరగోళం అందువల్లనే పుట్టిందని నా అభిప్రాయం.

రణస్థలం వైపు నుంచి ఒక యువకుడు నా దగ్గరకు వచ్చాడు. సంఘంలో చేరినందుకే పనిలోంచి తీసేశారని, గుర్తింపు లేని సంఘం కనుక దారి లేదని ఎవరో చెబితే చెన్నై వెళ్లిపోయానని చెప్పాడు. అతను తిరిగి వచ్చేసరికి సాక్షులు చెల్లాచెదురయ్యారు, చేతిలో ఒక్క కాగితమూ లేదు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను; ఆ సలహా ఇచ్చినవారిపైనే నాకు కోపం. తొలగింపు వివాదానికి అసలు సంఘమే అవసరం లేదు. తొలగించిన కార్మికుడు తానే నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లే వీలును మన రాష్ట్రం 1987 సవరణతోనే కల్పించింది. ఇప్పుడు కోడ్ ప్రకారం వివాదం తలెత్తిన రెండేళ్లలోపు రాజీ అధికారి ముందుకు వెళ్లాలి.

కాంట్రాక్టు కార్మికులు సంఘంలో చేరకూడదన్నదీ, సంఘం పెడితే సమ్మె చేయక తప్పదన్నదీ వట్టి పుకార్లు. సంఘంలో చేరినందుకు తొలగించడం అనుచిత కార్మిక విధానం, అంటే చట్టం నిషేధించిన పని. దానికి 10,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది.

పని పోతుందని భయపడుతున్నవారు జీతం చీటీలు, గుర్తింపు కార్డు, పీఎఫ్ వివరాలు ఇంట్లో భద్రపరచుకోండి. ఎంత ఒత్తిడి చేసినా రాజీనామా కాగితంపై సంతకం చేయకుండా ముందు లేబర్ ఆఫీసుకు వెళ్లండి.