పాత ఆకురాయి నుంచి ఉలి

పళ్లు అరిగిపోయిన ఆకురాయి ఇనుప సామాన్ల కొట్టుకి పోవాల్సిన వస్తువు కాదు. మంచి ఆకురాయిలో కార్బన్ 1 నుంచి 1.2 శాతం దాకా ఉంటుంది. ఉలికి కావలసింది సరిగ్గా అలాంటి ఉక్కే. ఒకప్పుడు నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన పేరుపొందిన ఉక్కు కూడా ఇలా కార్బన్ ఎక్కువున్న రకమే.

అయితే అన్ని ఆకురాళ్లూ ఉలికి పనికిరావు. చవక రకాల్లో కొన్నింటికి పైపొర మాత్రమే గట్టిగా ఉండి, లోపలిదంతా మెత్తని ఇనుమే. కొస నుంచి చిన్న ముక్క కోసి, ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి, బైస్‌లో బిగించి గుడ్డ కప్పి సుత్తితో కొట్టండి. పుటుక్కున విరిగితే మంచి ఉక్కు. వంగితే దాన్ని పక్కన పెట్టేయండి. ఈ పరీక్షకు కళ్లద్దాలు తప్పనిసరి.

10 అంగుళాల బల్లపరుపు ఆకురాయి తీసుకుంటే వెడల్పు సుమారు 25 మి.మీ., మందం 6 మి.మీ. దాకా వస్తుంది. పిడిలోకి దూరే తోక దానికి ముందే ఉంటుంది. ముందుగా ఆకురాయిని మెత్తబరచాలి. బొగ్గుల కొలిమిలో ఎర్రగా కాల్చి, ఊక బూడిద నిండిన డబ్బాలో పూర్తిగా పూడ్చి రాత్రంతా వదిలేయాలి. ఊక బూడిద వేడిని అంత తేలిగ్గా వదలదు కాబట్టి ఉక్కు నిదానంగా చల్లారి, కోతకూ రాపిడికీ లొంగుతుంది.

ఆ తర్వాత పళ్లను ఆనవాలు లేకుండా రాయాలి. పంటి మొదట్లో మిగిలిన ప్రతి గాడీ రేపు నూనెలో ముంచినప్పుడు పగులుకు దారి చూపిస్తుంది. కొసన 25 డిగ్రీల వాలు తీయండి, కానీ అంచును ఇప్పుడే పదునుగా చేయకండి. 1 మి.మీ. మందం ఉంచాలి. పలచని అంచు మిగతా భాగం కంటే ముందే వేడెక్కి వంకరపోతుంది, పైనున్న కార్బన్ కూడా కాలిపోతుంది.

ఇక అసలు ఘట్టం. ఉలి మంచీ చెడూ ఇక్కడే తేలుతుంది. ఉక్కును దాదాపు 780 డిగ్రీలకు తెచ్చి, ఒక్కసారిగా చల్లార్చాలి. ఆ వేడిలో ఇనుప పరమాణువుల అమరిక మారి, కార్బన్ వాటి మధ్య కరుగుతుంది. నిదానంగా చల్లారితే కార్బన్ బయటికి వచ్చేస్తుంది. సుమారు ఒక సెకనులో 540 డిగ్రీల కిందికి దిగితే అది బయటపడే వీలు లేక అక్కడే చిక్కుకుంటుంది. దాంతో అమరిక బిగుసుకుని మార్టెన్‌సైట్ అనే గట్టి రూపం ఏర్పడుతుంది.

780 డిగ్రీలని కొలిమి దగ్గర ఎలా తెలుస్తుంది? అయస్కాంతంతో. ఇనుము 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. పాత స్పీకర్ అయస్కాంతాన్ని తీగకు వేలాడదీసి, పట్టుకారుతో ఉలిని దానికి తాకిస్తూ ఉండండి. పట్టు వదిలిన తర్వాత ఇంకో రవ్వంత కాంతి పెరిగితే చాలు. పని నీడలో చేయండి. ఎండలో ఎరుపు మసకగా కనిపించి, ఇంకా కాలలేదనుకుని ఎక్కువ కాల్చేస్తారు. అలా కాలిన ఉక్కు విరిస్తే లోపల పంచదార పలుకుల్లా కనిపిస్తుంది. సరిగా కాలినది నున్నటి బూడిద రంగులో ఉంటుంది.

ముంచడానికి నీళ్లకన్నా వేరుశనగ నూనె నయం. నీళ్లు మరీ వేగంగా చల్లారుస్తాయి. మార్టెన్‌సైట్‌గా మారేటప్పుడు ఉక్కు కొద్దిగా ఉబ్బుతుంది, అంచు ముందుగా, వెనకభాగం తర్వాత. ఆ తేడాకు చటుక్కున పగులుతుంది. లోతైన ఇనుప డబ్బాలో కనీసం 2 లీటర్ల నూనెను 50-60 డిగ్రీలకు వేడి చేయండి. వెచ్చని నూనె పలచబడి లోహాన్ని బాగా తడుపుతుంది. అంచు వైపు 40 మి.మీ. నిలువుగా ముంచి, పక్కలకు కాక పైకీ కిందికీ ఆడించాలి. మంట లేస్తే కప్పేయడానికి మూత పక్కనే ఉండాలి. వాడేసిన ఇంజన్ ఆయిల్ జోలికి పోకండి, దాని పొగ విషం.

చల్లారిన అంచు మీద కొత్త ఆకురాయి పెడితే జారిపోవాలి. కానీ ఇప్పుడది గాజులా పెళుసు. కింద పడితే విరగొచ్చు, కాబట్టి గంటలోపే మళ్లీ వేడి చేయండి. ఒక వైపు మెరిసేలా రుద్ది, ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంట చొప్పున రెండుసార్లు ఉంచాలి. చిక్కుకున్న కార్బన్‌లో కొంత కదిలి బిగువు సడలుతుంది. రుద్దిన చోట లేత ఎండుగడ్డి రంగు కనిపించాలి. నీలం వచ్చిందంటే 290 దాటినట్టు, ఉలికి అది మరీ మెత్తన. తర్వాత గ్రైండర్ మీద పదును పెట్టేటప్పుడూ ఇదే ప్రమాదం. వేలికి వేడి తగిలిన ప్రతిసారీ నీళ్లలో ముంచండి.

ఉలి వీపు చదునుగా లేకపోతే ఎంత పదును పెట్టినా దండగే. గాజు పలక మీద 120, 400, 1000 నంబర్ల నీటి కాగితాలు (తడిపి రుద్దే గరుకు కాగితాలు) వరసగా పరిచి, అంచు నుంచి 30 మి.మీ. మేర అద్దంలా రుద్దాలి. పిడికి బాగా ఎండిన నల్లతుమ్మ మంచిది. పచ్చి కర్ర వాడితే ఎండి కుంచించుకుపోయి పొన్ను ఊడుతుంది. రాగి గొట్టం ముక్క పొన్నుగా సరిపోతుంది. తోక సన్నబడుతుంది కాబట్టి రంధ్రం కూడా రెండు అంచెల్లో వేయాలి, పైసగం 8 మి.మీ., లోపలిది 5 మి.మీ.

చివరగా టేకు కొయ్య అడ్డుకోత మీద పరీక్షించండి. అంచు పెచ్చులుగా ఊడితే మరో గంట 215 డిగ్రీలలో పెట్టండి. అంచు మడతపడితే మాత్రం మళ్లీ కొలిమి దగ్గరికే.