స్టేషన్ డైరీలో ఆ సంతకం ఎందుకు?

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. అల్లూరి సీతారామరాజు పాఠం చదివి మీరు అడిగారు కదా, "పోలీస్ స్టేషన్‌లో తుపాకులు ఎత్తుకుపోతే అది దొంగతనం కాదా తాతయ్యా?" అని. అడగాల్సిన ప్రశ్నే. ముందు అప్పటి చట్టం ఏమందో చెప్తాను.

1857 తిరుగుబాటుతో తెల్లవాళ్లకు గుండెల్లో దడ పుట్టింది. జనం చేతుల్లో ఆయుధం ఉండకూడదనుకున్నారు. 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా ఆయుధాల చట్టం తెచ్చారు. దేశభాషల పత్రికల నోరు నొక్కిన చట్టం కూడా ఆ ఏడాదిదే. లైసెన్సు లేకుండా తుపాకీ ఇంట్లో ఉంటే చాలు, నేరం. దానితో ఎవరినైనా కాల్చావా లేదా అన్నది తర్వాతి మాట. శిక్ష మూడేళ్ల దాకా, కావాలని దాచిపెట్టావంటే ఏడేళ్ల దాకా. ఆయుధమంటే ఏమిటో చెప్పే చోట కత్తి, బల్లెంతో పాటు విల్లంబులు కూడా రాశారు. మన్యంలో విల్లంబులు లేని ఇల్లెక్కడుంటుంది, చెప్పండి!

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇంకొకటి. ఐరోపావాళ్లకు ఈ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చారు. తుపాకీ ఒకటే, పట్టుకున్న చెయ్యి తెల్లదైతే సరదా, నల్లదైతే జైలు. 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెస్ మహాసభ ఈ చట్టాన్ని సవరించమని తీర్మానం చేసింది. దొరలు చెవిన పెట్టలేదు.

సర్కారు తుపాకీ అయితే పీనల్ కోడ్, అంటే నేరాలకు శిక్షలు చెప్పే చట్టం, కూడా మీద పడుతుంది. అయిదుగురు కలిసి దోచుకుంటే బందిపోటు. అలా దోచిన సొత్తని తెలిసీ దగ్గర ఉంచుకున్నవాడికి యావజ్జీవం దాకా పడొచ్చు.

ఇక మన్యం సంగతి. 1882 అడవి చట్టంతో పోడు కొట్టుకునే హక్కు పోయింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి కొండవాళ్లను తోలి, కూలి కూడా సరిగా ఇవ్వలేదు. మొర వినే నాథుడు లేడు. అప్పుడు, 1922 ఆగస్టు 22న, రాజు, గాం గంటందొర, మల్లుదొర తమవాళ్లతో చింతపల్లి స్టేషన్‌లోకి వెళ్లారు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో 26 తుపాకులు, దాదాపు 2,500 తూటాలు చేతికొచ్చాయి.

మీరు గమనించాల్సింది ఇక్కడే. తీసుకున్నవాటి లెక్కను రాజు స్టేషన్ డైరీలోనే రాసి, కింద సంతకం పెట్టాడు. దొంగ ఎక్కడైనా రసీదు ఇస్తాడా? ఇది చీకటిమాటు పని కాదనీ, మీ ప్రభుత్వంతో నాకు యుద్ధమనీ ఆ సంతకంతో చెప్పాడని నేను నమ్ముతాను. అక్టోబరులో అడ్డతీగలకు ముందే కబురు పెట్టి మరీ వెళ్లాడు. అప్పటికే అక్కడి ఆయుధాలు దాచేశారు.

ఇంకో మాట కూడా మీకు దాచకుండా చెప్పాలి. ఆ పితూరీలో, అంటే తిరుగుబాటులో, ప్రాణాలు పోయాయి. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. తర్వాత కొండవాళ్లూ చాలామంది పోయారు. తుపాకీ ఎవరి చేతిలో ఉన్నా అది చేసే పని అదే. అందుకే దానికి లైసెన్సు ఉండాలనడం తప్పని నేను అనను. జనం ఒప్పుకోలు లేకుండా, రంగు చూసి రాసిన చట్టాన్నే తప్పంటాను.

1924 మే 7న కొయ్యూరులో రాజును చెట్టుకు కట్టి కాల్చేశారు. తుపాకీ ఇంట్లో ఉంచుకోవడానికి కాగితం అడిగిన ప్రభుత్వం ఒక మనిషి ప్రాణం తియ్యడానికి కోర్టు ముఖం కూడా చూడలేదు. మీ ప్రశ్నకు నా జవాబు ఇదే పిల్లలూ: ఆ చట్టం లెక్కన రాజు నేరస్తుడు, నా లెక్కన కాదు.

అండమాన్ శిక్ష అనుభవించి వచ్చిన మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. పాత ఆయుధాల చట్టం పోయి, మన పార్లమెంటు చేసిన చట్టం 1959లో వచ్చింది. రెండింటిలోనూ లైసెన్సు ఉంది. తేడా ఎక్కడుందో మీ మాస్టారితో కూర్చుని చూసి, నాకు రాయండి.

మీ తాతయ్య